పేరు రాయలేని బహుమతి

చాలా ఏళ్ళ క్రితం నేనొక చిన్న సంస్థలో పద్దులు రాసేవాణ్ణి. దీపావళి వెళ్ళిన మర్నాడు తప్పకుండా ఒక వోచరు నా బల్లమీదికి వచ్చేది. "పండుగ ఖర్చులు" అని రెండు మాటలు, వాటికెదురుగా ఒక పెద్ద మొత్తం. ఎవరికిచ్చారన్న గడి ఖాళీ. అడిగితే యజమాని నవ్వి, "మిఠాయిలేనయ్యా, రాసెయ్యి" అనేవారు. రాసేసేవాణ్ణి.

2005లో వచ్చిన ఫ్రింజ్ బెనిఫిట్ టాక్సుకూ ఆ పేరుతో పనిలేకపోయింది. బహుమతుల ఖర్చులో సగాన్ని, విందు వినోదాల ఖర్చులో ఐదోవంతును ప్రయోజనంగా లెక్కగట్టి, దానిపై 30 శాతం పన్నును ఇచ్చిన సంస్థ నుంచే రాబట్టేవారు. పుచ్చుకున్నవాడు తెరవెనుకే ఉండిపోయాడు. 2009లో ఆ పన్ను రద్దయింది.

2022 జూలై 1న అమల్లోకి వచ్చిన 194ఆర్ సెక్షను చట్టం చూపును పుచ్చుకునే చేతివైపు మళ్ళించింది. వ్యాపార సంబంధం వల్ల ఒకరికి ఏడాదిలో 20,000 రూపాయలు మించిన ప్రయోజనం సమకూరిస్తే, ఇచ్చేవారు 10 శాతం పన్ను మినహాయించాలి. వస్తురూపంలో ఇస్తే, పన్ను కట్టారని నిర్ధారించుకున్నాకే ఇవ్వాలి. అంటే ఆ ఖాళీ గడి నిండక తప్పదు.

కాఫీ ఇప్పించినా పన్నేనా అని ఎద్దేవా చేసేవారున్నారు. కాఫీలు, కాలెండర్లు, మిఠాయి పొట్లాలు ఆ పరిమితి దాటవు కదా! పైగా, అమ్మకాలు కోటి రూపాయలు దాటని వ్యక్తిగత వ్యాపారికి ఈ బాధ్యతే లేదు.

అదే ఏడాది ఫిబ్రవరిలో అపెక్స్ లేబొరేటరీస్ కేసులో సుప్రీంకోర్టు మరొక అడుగు ముందుకు వేసింది. వైద్యులకు బంగారు నాణేలు, టీవీలు, ఫ్రిజ్‌ల వంటివి ఇచ్చేందుకైన 4.72 కోట్ల పైచిలుకు ఖర్చును ఆదాయంలోంచి తగ్గించుకోవడానికి ఒప్పుకోలేదు. వైద్యుడు పుచ్చుకోకూడదన్న నియమం ఉన్నప్పుడు, ఇచ్చినవాడికి అది వ్యాపార ఖర్చు కాజాలదన్నది తీర్పు సారాంశం. నాకది న్యాయమనే తోచింది. ఆ ఫ్రిజ్ వెల చివరికి చెల్లించేది, చీటీ పట్టుకుని మందుల దుకాణం ముందు నిలబడ్డ రోగే.

పన్ను కట్టినంత మాత్రాన లంచం పునీతం కాదు. పరిమితికి లోబడేలా చిన్నచిన్న పొట్లాలు కట్టే తెలివితేటలూ మనకు తక్కువేమీ లేవు. అయినా, ఇచ్చినవాడు రాయడానికీ, పుచ్చుకున్నవాడు రాయించుకోవడానికీ జంకే వస్తువును బహుమతి అనడం ఆ మాటకే అవమానమని నా అభిప్రాయం. ఆనాడు ఆ గడి నింపమని నేను పట్టుబట్టవలసింది. పట్టుబట్టలేదు.

అటువంటి వోచర్లు మీ బల్లమీదికీ వచ్చే ఉంటాయి. మీరేం చేశారు?