గ్రూప్ ప్రాజెక్ట్‌లో మా బాబు మార్కులు ఎందుకు తగ్గాలి?

పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఎనిమిదో తరగతి బాబు వాళ్ల అమ్మగారు నన్ను అడిగారు: "మేడమ్, మావోడు అంతా మంచిగనే చేసిండు. గ్రూపుల ఇద్దరు ఏం చెయ్యలేదట. వాళ్ల కోసం మావోని మార్కులు ఎందుకు తగ్గాలె?" ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

మన కొండగట్టు దగ్గరే నాచుపల్లిలో 2007 నుంచి జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. ఆ కాలేజీని చూపించి "నువ్వు గూడ గక్కడ్నే చదవాలె బిడ్డా" అనే నాన్నలను చూశాను. మంచిదే. కానీ అక్కడ సీటు వచ్చాక చేయాల్సిన చదువు ఒంటరి చదువు కాదు. జేఎన్‌టీయూహెచ్ 2022-23లో తెచ్చిన ఆర్-22 సిలబస్‌లో రెండో ఏడాదిలోనే ఫీల్డ్ బేస్డ్ ప్రాజెక్ట్ ఉంది. ఆ తర్వాత మినీ ప్రాజెక్ట్, చివరి ఏడాది పెద్ద ప్రాజెక్ట్. స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌కైతే టీంలో ఆరుగురు ఉండాల్సిందే, అందులో కనీసం ఒక అమ్మాయి. క్లాస్ ఫస్ట్ వచ్చినా ఒక్కరే వెళ్తే ఎంట్రీ లేదు.

ఎందుకలా? ఒక ఉదాహరణ అనుకుందాం. హనుమాన్ జయంతికి గుట్ట మీదికి వచ్చే బండ్ల పార్కింగ్ కోసం నలుగురు విద్యార్థులు యాప్ చేస్తున్నారు. ఒకరు ఫోన్ స్క్రీన్, ఒకరు డేటాబేస్. బండి నంబర్ 'టీఎస్ 21'తో మొదలవుతుందని ఒకరు రాసేశారు. 2024 తర్వాత కొన్న బండి మీద 'టీజీ 21' ఉంటుంది. పాత కరీంనగర్ బండి మీద ఇంకా 'ఏపీ 15' ఉంటుంది. ఎవరి కోడ్ వాళ్లు చూసుకుంటే తప్పు లేదు. కలిపిన రోజే గేటు దగ్గర బండ్లు ఆగిపోతాయి. ఈ పాఠం బోర్డు మీద చెబితే రాదు, ఒకసారి ఇరుక్కోవాలి.

మీరడిగిన న్యాయం సంగతికి కూడా ఆ రంగంలో దారి ఉంది. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో తయారు చేసిన 'గిట్' అనే సాధనాన్ని ఈ రోజు ప్రపంచమంతా వాడుతోంది. ఎవరు, ఏ రోజు, ఏ లైను మార్చారో అందులో రికార్డ్ అవుతుంది. ఇద్దరు ఒకే లైనును రెండు రకాలుగా మారిస్తే అది తనంతట తాను తేల్చదు, ఆగిపోతుంది. మీరే మాట్లాడుకోండి అన్నట్టు. నాకు దానిలో బాగా నచ్చిన విషయం అదే.

నా డిగ్రీ ప్రాజెక్ట్‌లో అలాంటిదేమీ లేదు. ఐదుగురం. ఒకమ్మాయి చేసింది, నలుగురం బైండింగ్ చేయించి పేర్లు రాసుకున్నాం. అందరికీ ఒకే మార్కులు. వైవాలో నన్ను అడిగిన ఒక్క ప్రశ్నకు ఆ అమ్మాయి వైపు చూశాను. ఇప్పటికీ సిగ్గే.

అందుకే ఈ టర్మ్ నుంచి మా క్లాసులో ప్రతి గ్రూపుకు ఒక నోట్‌బుక్ పెట్టాను. తేదీ, పేరు, చేసిన పని పిల్లలే రాయాలి. సగం మార్కులు గ్రూపుకు, సగం ఎవరి పనికి వాళ్లకు. ఒక్క మనవి: థర్మాకోల్ మోడల్ రాత్రి పదకొండింటికి మీరు చేసి పంపకండి. ఆ నోట్‌బుక్‌లో మీ పేరు రాయడానికి చోటు లేదు!

ఇక ఆ అమ్మగారికి. పని చేయని ఆ ఇద్దరినీ పిలిచి అడిగాను. వాళ్లకు పనే ఇవ్వలేదట. "వాళ్లు ఖరాబు చేస్తరు మేడమ్, అందుకే నేనే చేసిన" అని మీ బాబే ఒప్పుకున్నాడు. మార్కులు తగ్గింది అక్కడ. ఈసారి ఆ ఇద్దరితోనే మళ్లీ గ్రూపులో వేశాను. నోట్‌బుక్ వచ్చే మీటింగ్‌లో టేబుల్ మీద ఉంటుంది, చూడండి.