తమ్ముడి పీపా, అమ్మ లెక్క

మా ఇంట్లో కల్లు, సారా మాట ఎత్తకూడదన్నది అమ్మ పెట్టిన కట్టడి. ఈ నెల మేము ఆ జాతి సంగతే వ్రాయబోతున్నాము గనుక పెద్దలు మన్నించాలి. అమ్మకు చెప్పే వ్రాస్తున్నాము.

2023 వేసవిలో, ఆఫీసులో ఏళ్ళ తరబడి కూడబెట్టిన సెలవంతా ఒక్కసారే పెట్టి, అమ్మను వెంటబెట్టుకుని అమెరికా వెళ్ళాము. న్యూయార్కు రాష్ట్రంలో రాచెస్టరు అనే ఊళ్ళో మా తమ్ముడుంటాడు. అక్కడ రెండు నెలలున్నాము. మొదటి ఆదివారమే వాడు పొయ్యిమీద పెద్ద డేగిసా ఎక్కించాడు. ఇల్లంతా హార్లిక్సు కాచినట్టు కమ్మని వాసన.

“ఏం జావరా ఇది, బాగుండాదే?” అంటూ అమ్మ గరిటె పుచ్చుకుని దగ్గరకు వచ్చింది.

“జావ కాదమ్మా, బీరు” అన్నాడు వాడు.

అమ్మ గరిటె అక్కడే పెట్టి, మేడమీదికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆమెను తప్పు పట్టలేము. పాత మద్రాసు రాజధానిలో మద్యనిషేధం మొట్టమొదట అమలైంది మా సేలం జిల్లాలోనే, 1937 అక్టోబరు 1న. మగవాళ్ళ కూలి డబ్బు ఆ ఏడు కుదురుగా ఇల్లు చేరిందని మా అవ్వ చెప్పేది. 1971లో నిషేధం ఎత్తేశారు. తర్వాత మూశారు, మళ్ళీ తెరిచారు. అవి తెరిచి ఉన్న ఏళ్ళలోనే మా నాయన రెండు మగ్గాలూ అమ్మారు. అమ్మ మెళ్ళోని దాని సంగతి ఇక్కడ వ్రాయము.

మేము గుమాస్తాలము గనుక తమ్ముణ్ణి ముందు అడిగింది చట్టం. అమెరికాలోనూ 1920 నుండి 1933 దాకా నిషేధం ఉండినది. అది పోయాక ఇంట్లో ద్రాక్షసారా చేసుకోనిచ్చారు గాని, బీరును మాత్రం మరిచారు. 1978లో కార్టరు దొరగారు సంతకం పెట్టాకనే కేంద్రం అనుమతి దొరికింది: పెద్దవారు ఒక్కరైతే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరూ ఆపైన ఉన్న ఇంటికి 200. అమ్మరాదు. కొన్ని రాష్ట్రాలు 2013 దాకా ఒప్పుకోలేదట. మన పక్క సంగతి వేరు. తమిళనాట 1937 చట్టం ఈనాటికీ ఉన్నది. లైసెన్సు లేనిదే ఇంట్లో కాచడం నేరం. ఇది చదివి ఎవరూ డేగిసా ఎక్కించవద్దు.

వాడు కొన్న పెట్టె మీద క్రీం ఏల్ అని ఉన్నది. అందులో మీగడ చుక్కైనా లేదు! జర్మనీవారి తేలికపాటి లాగరు బీరుకు పోటీగా అమెరికావారు పాతపద్ధతి ఏల్‌నే పల్చగా, లేత పసుపురంగులో దింపి ఆ పేరు పెట్టారు. ఆ ఊరి బీరు కంపెనీ ఒకటి 1960 నుండి అదే పేరుతో అమ్ముతున్నది.

పని మాత్రం మన వంటింటి పనే. నలిపిన బార్లీ మాల్టును గుడ్డసంచిలో కట్టి వేడినీళ్ళలో అరగంట నానబెట్టాడు. సంచి తీసి, మంట ఆర్పి, ఆరు పౌన్ల మాల్టు పాకం పోసి కలిపాడు. మంట ఆర్పకుంటే పాకం అడుగంటుతుంది. తర్వాత చేదుకు గుప్పెడు హాప్సు పూలు వేసి గంటసేపు మరగనిచ్చాడు. అక్కడినుండే తొందర. డేగిసాను మంచునీళ్ళలో దించి, గోరువెచ్చదనం కూడా పోయేదాకా చల్లార్చి, పీపాలో పోసి, నీళ్ళతో ఐదు గ్యాలన్లకు నింపి, ఈస్టు చల్లాడు. కాగే పాలలో తోడు వేస్తే ఏమౌతుందో మన ఆడవారికి చెప్పాలా? ఈస్టూ అంతే.

పీపాను నేలమాళిగలో పెట్టాడు. మూతకున్న నీళ్ళ బుర్రలోంచి మర్నాటికల్లా బుడబుడమని గాలి రాసాగింది. ఆ చప్పుడుకు రాత్రుళ్ళు అమ్మకు నిద్ర పట్టలేదు. పక్కగదిలో మాకూ పట్టలేదు.

పాల చిక్కదనం చూసే లాక్టోమీటరు వంటి గొట్టం ఒకటి వాడి దగ్గర ఉన్నది. మొదట 1.040 దాపున ఉన్న అంకె రెండు వారాలకు 1.010 దాపుకు దిగింది. రెండు మూడు రోజులు అదే అంకె నిలవాలి. నిలవకముందే సీసాల్లో బిగిస్తే, లోపల పులుస్తూనే ఉండి సీసాలు పేలుతాయి. నిలిచింది. సీసాలు దించే రోజు అమ్మ తనంతట తానే మెట్లు దిగి వచ్చింది. వాడు సీసా కడిగి పెట్టగానే ఎత్తి వెలుతురులో చూసింది.

“అడుగున మురికి ఉండాది. ఇడ్లీపిండి గిన్నె ఇట్టా కడిగితే పిండి కుళ్ళిపోతుంది” అంది. పదహారు రోజుల్లో వాడితో ఆడిన మొదటి మాట అది. మిగిలినవన్నీ తనే కడిగింది. వాడు వాటిని మందునీళ్ళలో ముంచి, కొలిచిన చక్కెరనీళ్ళు కలిపిన బీరు నింపాడు. 48 సీసాలైనాయి.

మరి రెండు వారాలకు మూత తీశారు. మేము అర గ్లాసు పుచ్చుకున్నాము, దాచడమెందుకు? మొదట బార్లీ తీపి, చివర కొంచెం చేదు. మత్తు నూటికి నాలుగు పాళ్ళు. మాకు నన్నారి షర్బతే మేలనిపించింది.

ఆ నాటినుండి అమ్మ రోజూ తెల్లవారి కాఫీకి ముందు నేలమాళిగకు వెళ్ళి సీసాలు లెక్కపెట్టేది. 48, 47, 47, 46. ఒకనాడు ఒక్కసారే ఆరు తగ్గినవి. అమ్మ కాఫీ ముట్టలేదు. కోడలు భయపడి పక్కింటివారిని పిలిచింది. ఆయన ఆరు సీసాలూ ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు, నాలుగు నిండువి, రెండు ఖాళీవి. అమ్మ అవీ లెక్కపెట్టి, ఆయనకు రెండు ఇడ్లీలు పెట్టి పంపింది.

మేము తిరిగి వచ్చేనాటికి 33 ఉన్నవి. వాడు తర్వాత మరి రెండుసార్లు కాచాడు. ఆదివారం ఫోను మోగితే యోగక్షేమాలకన్నా ముందు అమ్మ అడిగేది ఒకటే: “ఎన్ని ఉండాయిరా?” పోయిన వారం వాడు 31 అన్నాడు. అమ్మ క్యాలెండరు వెనక వ్రాసుకున్నది.