ఫన్ ఫ్రైడే పెడితే ఒంటరితనం పోతుందా?

ఒంటరితనం గురించి ఎత్తితే మనవాళ్ళు చెప్పే మొదటి మాట "పెళ్ళి చేసుకో, అదే పోతుంది". రెండో మాట "అదంతా తెల్లవాళ్ళ జబ్బు, మనకెక్కడిది". మొదటిదానికి పెళ్ళైనవాళ్ళే జవాబు చెప్పాలి :) రెండోదానికి మాత్రం లెక్కలున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన కమిషన్ 2025 జూన్‌లో ఒక నివేదిక ఇచ్చింది. దాని ప్రకారం ప్రపంచంలో ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. ధనిక దేశాల్లో అది 11 శాతం దాకా ఉంటే పేద దేశాల్లో 24 శాతం. దీనితో ముడిపడిన మరణాలు ఏడాదికి 8,71,000 అని అంచనా, అంటే గంటకి సుమారు వంద. పోనీ ముసలివాళ్ళ బాధ అందామా అంటే, 13 నుంచి 29 ఏళ్ళ వాళ్ళలోనే 17 నుంచి 21 శాతం మంది ఉన్నారు.

బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో దీనికోసం ఏకంగా మంత్రుల్నే పెట్టాయి. మన ఐటీ కంపెనీలు ఫన్ ఫ్రైడే పెట్టాయి.

అదేంటో తెలియని అదృష్టవంతుల కోసం: శుక్రవారం నాలుగింటికి హెచ్చార్ వాళ్ళొచ్చి, ప్రొడక్షన్‌లో ఏదో పోయి తల పట్టుకు కూర్చున్నవాణ్ణి లేపి బెలూన్ ఊదమంటారు. ఫోటోలు తీస్తారు. ఫోటోలు లింక్డిన్‌కి వెళ్తాయి, మనం సీట్లకి వెళ్తాం. ఇది చాలక వెల్‌నెస్ యాప్ ఒకటి. రోజూ పొద్దున పదింటికి "ఈ రోజు ఎలా ఉన్నారు?" అని అడుగుతుంది, పచ్చటి మొహాల్లో ఒకదాన్ని నొక్కాలి. పక్క సీటువాడు అడగాల్సిన మాట అది! (ఏమాటకామాటే చెప్పుకోవాలి, పోయిన సంక్రాంతికి పెట్టిన ముగ్గుల పోటీ బాగానే జరిగింది.) వీటితో నా పేచీ ఒక్కటే. ఒంటరితనం ఆ మనిషిలో ఉన్న లోపమనీ, కాస్త హుషారెక్కిస్తే సర్దుకుంటాడనీ అనుకుని చేసే పనులివి.

అమెరికా సర్జన్ జనరల్‌గా ఉండగా వివేక్ మూర్తి 2023లో ఇచ్చిన హెచ్చరికలో ఒక పోలిక బాగా ప్రచారమైంది. సాటి మనుషులతో సంబంధాలు లేకపోతే ప్రాణానికొచ్చే ముప్పు, రోజుకి 15 సిగరెట్ల దాకా తాగితే వచ్చే ముప్పులాంటిదేనట. తమాషా ఏంటంటే ఏ ఆఫీసులో చూసినా సిగరెట్లు తాగేవాళ్ళకే స్నేహితులెక్కువ! నేను తాగను గానీ వాళ్ళతోపాటు కిందికి టీకి దిగుతుంటాను. బండి దగ్గర టెస్టింగ్ వాడుంటాడు, పేరోల్ ఆయనుంటాడు, సెక్యూరిటీ పెద్దాయన ఉంటాడు, ఎదురు బిల్డింగ్ వాళ్ళెవరో ఉంటారు. రోజుకి మూడుసార్లు అదే చోటు, అవే మొహాలు. పనేమీ ఉండదు. మొదటి నెల తలూపుకుంటారు, రెండో నెల మేనేజర్లని తిట్టుకుంటారు, నాలుగో నెలకి ఒకడు ఇల్లు మారుతుంటే ఇంకొకడు వెళ్ళి ఫ్రిజ్ మోస్తాడు. స్నేహం కుదరడానికి ఇంతకన్నా పెద్ద రహస్యమేమీ ఉందనుకోను. అవే మొహాలు మళ్ళీ మళ్ళీ కనపడాలి, ఏ పనీ లేకుండా కనపడాలి. అలాగని ఆ బండి అందరికీ అందుబాటులో ఉందనీ అనను. మా టీమ్ అమ్మాయిలు అక్కడ నిలబడరు, నిలబడితే పడే చూపులు అలాంటివి. మన ఊళ్ళలో అరుగులు కూడా అందరివీ కావు కదా, ఎవరు కూర్చోవచ్చో ఎవరు కూర్చోకూడదో ఊరికి తెలుసు.

ఇక మన పని ఎలా ఉందో చూడండి. ఆర్నెల్లకోసారి ప్రాజెక్టు మారుతుంది, మొహాలన్నీ మారతాయి. టికెట్ ఒక్కడి పేరు మీదే ఉంటుంది, వాడు చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని ఒక్కడే తంటాలు పడాలి. అమెరికా వేళల్లో పనిచేసేవాడైతే హాస్టల్లో రూమ్మేటు మొహం కన్నా వాడి దుప్పటినే ఎక్కువ చూస్తాడు. సరుకులు గుమ్మం దాకా వస్తాయి కాబట్టి, రోజంతా ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడింది నాలుగంకెల ఓటీపీ ఒక్కటే అయినా ఆశ్చర్యం లేదు.

"అందుకే కదా ఆఫీసుకి రమ్మంటున్నాం" అంటాయి కంపెనీలు. గాలప్ వాళ్ళ 2024 నివేదికలో, పూర్తిగా ఇంటి నుంచి పనిచేసేవాళ్ళలో 25 శాతం మంది ఒంటరిగా ఉన్నామన్నారు. ఆఫీసుకి వెళ్ళేవాళ్ళలో 16 శాతం. తేడా ఉంది, కాదనను. కానీ ఆ 16 సంగతేంటి? కొండాపూర్ ట్రాఫిక్‌లో గంటన్నర ఈది వచ్చినవాడు చేసేదేంటంటే, హెడ్‌సెట్ పెట్టుకుని పుణేలో ఒకడితో, బెంగుళూరులో ఇద్దరితో, డల్లాస్‌లో మేనేజర్‌తో మాట్లాడటం. పక్క సీటువాడు వేరే అకౌంట్, వాడి హెడ్‌సెట్ వాడిది.

బాధ మరీ ఎక్కువైతే 14416 ఉంది. కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీమానస్, తెలుగులోనూ మాట్లాడతారు. అవసరమైనప్పుడు మొహమాటపడకండి. కానీ అది మనిషి కుంగిపోయాక అందే సాయం, అంతదాకా రాకుండా చూడటం వేరే పని. సిగరెట్ల విషయంలో సర్కారు పెట్టె మీద హెచ్చరిక వేసి ఊరుకోలేదు. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో తాగడాన్నే నిషేధించింది, అంటే తాగేవాడి చుట్టూ ఉన్న ఏర్పాటుని మార్చింది. నెదర్లాండ్స్‌లో జంబో అనే సూపర్‌మార్కెట్ వాళ్ళు 2019లో ఒక కబుర్ల కౌంటర్ తెరిచారు. తొందర లేనివాళ్ళు ఆ వరసలో నిలబడి క్యాషియర్‌తో నాలుగు మాటలు మాట్లాడుతూ బిల్లు కట్టొచ్చు. తర్వాత అది చాలా కొట్లలోకి వచ్చింది. కావాలని నెమ్మదిగా నడిపే వరస! మన డాష్‌బోర్డుల్లో దాన్ని ఎర్ర రంగులో చూపిస్తారు.

మనకి అంత కూడా అక్కర్లేదు. పెద్ద టికెట్ ఏదైనా ఇద్దరికి కలిపి ఇవ్వొచ్చు. బాగా కుదిరిన టీమ్‌ని ప్రాజెక్టు అయిపోగానే చెల్లాచెదురు చెయ్యకుండా అలాగే ఇంకో ప్రాజెక్టుకి పంపొచ్చు. మధ్యాహ్నం ఒక గంట మీటింగులు పెట్టకుండా ఉంటే అందరూ ఒకేసారి తింటారు. రాత్రి షిఫ్టువాళ్ళకి నెలలో ఒక వారమైనా పగలు ఇవ్వొచ్చు. వీటికి డబ్బు ఖర్చు పెద్దగా లేదు, యుటిలైజేషన్ ఓ రెండు శాతం తగ్గుతుందేమో. ఇబ్బందంతా అక్కడే. టైమ్‌షీట్‌లో పక్కవాడితో టీ తాగడానికి కోడ్ లేదు.

ఈ మధ్య మా ఫ్లోర్ క్యాంటీన్లో గుండ్రటి బల్లలు తీసేసి, గోడవైపు తిరిగి ఒక్కొక్కరే కూర్చునే బల్లలు వేశారు. స్థలం కలిసొస్తుందట. పాత బల్లలు కనీసం నాలుగైనా వెనక్కి తెమ్మని ఫెసిలిటీస్ వాళ్ళకి మెయిల్ పెట్టాను. టికెట్ నంబరొచ్చింది. నా ఒక్కడి పేరు మీదే.