జట్టు కాగితం మీద, ఆటగాడు పత్తి చేలో

అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ సీజన్ నవంబరు మొదట్లో మొదలవుతుంది. తొలి మ్యాచ్‌కు 42 రోజుల ముందే సాధన షురూ. ఎవరు డిగ్రీ ముగించి వెళ్లారు, ఎవరు వేరే యూనివర్సిటీకి మారారు, కొత్తగా వచ్చిన పొడగరి ఎవరు అని వేసవంతా లెక్కలు కడతారు. అంత కట్టినా తప్పుతాయి. 2022-23 సీజన్‌కు ముందు నార్త్ కరోలినాను దేశంలోనే నంబర్ వన్ అన్నారు. అంతకుముందు ఏడాది ఫైనల్ ఆడిన తొలి ఐదుగురిలో నలుగురు మళ్లీ వచ్చారు కూడా. తీరా చూస్తే ఆ జట్టుకు మార్చిలో జరిగే జాతీయ టోర్నీలో చోటే దక్కలేదు.

తెలంగాణ మన్యంలోని పినపాక వైపు ఇలాంటి అంచనా వేయాలంటే ముందు జట్టంటూ ఉండాలి కదా! పినపాక, కరకగూడెం, గుండాల పిల్లలు ఇంటర్ అయ్యాక ఎక్కువగా మణుగూరు, భద్రాచలం, కొత్తగూడెం కాలేజీలకే వెళ్తారు. ఇవి కాకతీయ యూనివర్సిటీ పరిధిలోవి. ఇంటర్ కాలేజియేట్ పోటీలు, అందులో మెరిసినవాళ్లకు యూనివర్సిటీ సెలక్షన్స్, ఆపైన సౌత్ జోన్ యూనివర్సిటీల పోటీలు. నిచ్చెన బాగానే ఉంది. మొదటి మెట్టుకు ముందే నేల లేదు.

క్యాలెండరే చూడండి. డిగ్రీ సీట్ల ‘దోస్త్’ ప్రవేశాలు పూర్తయ్యేసరికి వానాకాలం నడుస్తుంటుంది. భద్రాచలం దగ్గర గోదావరి 53 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక. 2022 జులైలో 71 అడుగులు దాటింది. ఆ వరదలో బూర్గంపాడు, అశ్వాపురం, పినపాక మండలాల ఊళ్లు మునిగితే సాధన ఊసెవరెత్తుతారు? వరద రాని ఏడాదీ నాట్లు ఆగవు. అక్టోబరు నుంచి పత్తి తీత. ఆ వెనకే సెమిస్టర్ పరీక్షలు, వాటిని దాటితే మిరప కోతలు. కూలి డబ్బు ఇంటికి అవసరమైన కుర్రాడు సాయంత్రం గ్రౌండ్‌కు ఎందుకు రాలేదని పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సారు గట్టిగా అడగలేడు. అసలు పీడీ పోస్టు ఖాళీగా లేకపోతేనే ఆ మాటైనా.

అందుకే పోటీలకు నాలుగు రోజుల ముందు జాబితా తయారవుతుంది. బాస్కెట్‌బాల్ జాబితాలో పన్నెండు పేర్లుండాలి. వాలీబాల్ ఆడేవాళ్లలో ఇద్దరిని, కబడ్డీవాళ్లలో ముగ్గురిని కలిపేస్తే కాగితం నిండుతుంది. ఈ పద్ధతిని వెక్కిరించనక్కర్లేదు, ఇందులో కొంత తెలివీ ఉంది. వాలీబాల్‌లో బ్లాక్‌కు ఎగిరే కుర్రాడికి గాల్లో బంతి ఎప్పుడు అందుతుందో తెలుసు. రీబౌండ్‌కు కావలసింది అదే. కబడ్డీ రైడర్‌కు పక్కకు తప్పుకునే అడుగు ఒంట్లోనే ఉంటుంది, కాబట్టి డిఫెండర్‌ను దాటి రింగు కిందికి దూసుకెళ్తాడు. ఖోఖో పిల్లలకు దమ్ము తక్కువేం కాదు. రానిదల్లా రెండే: ఎడమచేతి డ్రిబుల్, షూటింగ్. 3.05 మీటర్ల ఎత్తున్న రింగులో బంతి వేయడం ఏ అడవీ నేర్పదు. వేలసార్లు వేస్తేనే వస్తుంది. దానికి రింగు కావాలి, వానకు బురదకాని కోర్టు కావాలి, రోజూ గంటసేపు అక్కడ నిలబడే తీరిక కావాలి.

మన్యం పిల్లల గురించి మాట్లాడేటప్పుడు ‘సహజ ప్రతిభ’ అనే మాట తెగ వాడతాం. మంచి ఉద్దేశంతోనే అంటాం. కానీ ప్రతిభ సహజంగానే వచ్చేస్తే ఇక కోచ్ ఎందుకు, కోర్టెందుకు అనే సౌకర్యం అధికారులకు దొరుకుతుంది. పాల్వంచ దగ్గర కిన్నెరసానిలో గిరిజన సంక్షేమ శాఖ క్రీడా పాఠశాల నడుపుతోంది. అక్కడి పిల్లలకు కలిసొచ్చేది రక్తం కాదు, దినచర్య. పదో తరగతి, ఇంటర్ అయ్యాక ఆ దినచర్య ఎక్కడ తెగిపోతోందో ఎవరూ చూడటం లేదు.

ఈ లెక్కన నా అంచనా గురుకుల డిగ్రీ కాలేజీల వైపే. ఆటగాళ్ల గొప్పదనం వల్ల కాదు. సాయంత్రం ఐదింటికి అక్కడి విద్యార్థి హాస్టల్లోనే ఉంటాడు. పగటి కాలేజీ కుర్రాడు ఏడూళ్ల బయ్యారం వెళ్లే బస్సు కోసం మణుగూరులో నిలబడి ఉంటాడు. పన్నెండు మంది రెండు నెలలు ఒకేచోట సాధన చేస్తే ఒక మాదిరి జట్టయినా తయారవుతుంది. అమ్మాయిల జట్లయితే ఈ తేడా మరీ ఎక్కువ.

మిగతా కాలేజీలు ఐదుగురి ఆట వెంట పడటం మానేసి త్రీ బై త్రీ చూడాలి. సగం కోర్టు, ఒకే రింగు, సబ్‌స్టిట్యూట్‌తో కలిపి నలుగురే. పది నిమిషాల్లో తేలిపోతుంది, ఈలోపు ఎవరు 21 పాయింట్లు చేస్తే వాళ్లదే గెలుపు. టోక్యో ఒలింపిక్స్‌లోకీ వచ్చింది. 2022 గుజరాత్ జాతీయ క్రీడల్లో తెలంగాణ మహిళలు స్వర్ణం గెలిచింది ఇందులోనే. పన్నెండు మందిని పొలం నుంచి రప్పించలేని పీడీ నలుగురిని రప్పించగలడు. ఇక చోటు సంగతి: బొగ్గు సంస్థ సింగరేణి తన కార్మికుల్ని కోల్ ఇండియా స్థాయి పోటీలకు పంపిస్తూనే ఉంది. మణుగూరులో వాళ్ల మైదానాల్లో కాలేజీ పిల్లలకు సాయంత్రం ఒక గంట ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు.

యూనివర్సిటీ చేయగలిగిన పని ఇంకా చౌక. పోటీల తేదీలు ప్రవేశాలతోపాటే, జులైలోనే ప్రకటించాలి. పత్తి తీతకు ఏ వారం పోవాలో, ఏ వారం పోకూడదో ఇంట్లో మాట్లాడుకోవడానికి ఆ కుర్రాడికి అప్పుడు వ్యవధి ఉంటుంది.