కాయితం మనది, కొలత అమెరికాదా?

అనకాపల్లిలో ఏ జిరాక్సు షాపుకెళ్ళినా ప్రింటరులో ఉండేది ఏ4 కాయితమే. మరి మనవాళ్ళు మనకోసమే రాసే సాఫ్టువేర్లలో కూడా ప్రింటు కొట్టగానే "లెటర్" అని ఎందుకొస్తోంది?

లెటర్ అంటే 216 × 279 మిల్లీమీటర్లు, అమెరికా కొలత. ఏ4 అంటే 210 × 297. "ఈమాత్రం దానికి ఇంత గోలా?" అంటారా? లెటర్ మీద గీసిన ఇంటి ప్లానుని ఏ4లో పట్టేలా కుదిస్తే 97 శాతమవుతుంది. స్కేలు పెట్టి కొలిస్తే 30 అడుగుల గోడ 29 చిల్లర! ఇక్కణ్ణుంచి పంపిన ఏ4 ఫారాన్ని అమెరికాలో అబ్బాయి కుదించకుండా ప్రింటు తీస్తే తెగిపోయేది అడుగుభాగం. సంతకం పెట్టేది అక్కడే కదా!

ఏ4 గొప్పేమిటో ఇంజినీర్లకి చెప్పాలా? 1922లో జర్మనీ ప్రమాణం, 1975లో ఐఎస్ఓ 216. నిష్పత్తి రూట్ 2 కాబట్టి సగానికి మడిచినా ఆకారం మారదు. ఏ0 ఒక చదరపు మీటరు, ఏ4 అందులో పదహారో వంతు. 80 జీఎస్ఎం కాయితమైతే 5 గ్రాములు. లెటర్‌ని మడిచి చూడండి, ఆకారమే మారిపోతుంది.

"సెట్టింగు మార్చుకోవచ్చుగా" అనేవాళ్ళకి ఒకటే ప్రశ్న. రసీదు కోసం వచ్చిన పెద్దాయనకి ప్రింటు సెట్టింగులు నేర్చుకోవాల్సిన ఖర్మేంటి? దేశమేదో ముందే అడుగుతారు కదా, కాయితం సైజు దాన్నిబట్టి పెట్టలేరా?

లీగల్ సైజుకి అలవాటుపడ్డ సుప్రీంకోర్టే 2020 ఏప్రిల్ నుంచి ఏ4కి మారింది. మనకేం అడ్డమొచ్చింది బాబూ?