ఎయిర్‌పోర్ట్ దాటకపోయినా వీసా కావాలా?

టికెట్ బుక్ చేసేటప్పుడు మనం చూసేవి రెండే. రేటెంత? లేఓవర్ ఎన్ని గంటలు? మధ్యలో దిగే దేశం మన పాస్‌పోర్ట్‌ని ఏమడుగుతుందో మాత్రం చూడం. "బయటికే వెళ్లం కదా, వీసా ఎందుకు?" అంటారు. న్యాయమైన డౌటే. కానీ జవాబు దేశానికొకటి.

దుబాయ్, దోహా, సింగపూర్‌లలో ఎయిర్‌పోర్ట్ దాటకుండా ఫ్లైట్ మారితే మనకి వీసా అక్కర్లేదు. అమెరికాలో మాత్రం ట్రాన్సిట్ వాళ్లకి వేరే దారే లేదు. అక్కణ్నుంచి మెక్సికో వెళ్లాలన్నా ఇమిగ్రేషన్ దాటాలి, వీసా ఉండాలి. బ్రిటన్‌ది ఇంకో పద్ధతి. లోపలే ఫ్లైట్ మారినా మనకి ట్రాన్సిట్ వీసా కావాలి. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వీసాల్లో ఒకటి చెల్లుబాటులో ఉంటే మినహాయింపు.

మెలికంతా ఆ 'చెల్లుబాటు'లోనే ఉంది. డల్లాస్‌లో ఉండే మా కాలేజీ ఫ్రెండ్‌కి నాన్నని ఐసీయూలో చేర్చారని ఫోనొచ్చింది. లండన్ మీదుగా ఫ్లైట్ దొరికితే వెంటనే బుక్ చేశాడు. హెచ్-1బీ అప్రూవల్ పేపర్‌కి ఇంకా టైముంది. పాస్‌పోర్ట్‌లో స్టాంప్ గడువు మాత్రం అయిపోయింది. అమెరికాలో ఉద్యోగం చేసుకోవడానికి ఆ పేపర్ చాలు. బ్రిటన్ లెక్కలో అది వీసా కాదు. చెక్-ఇన్ కౌంటర్లోనే ఆపేశారు. దోహా మీదుగా ఇంకో టికెట్ కొనుక్కుని, ఒకరోజు ఆలస్యంగా వచ్చాడు. ఆ రోజంతా ఐసీయూ బయట వాళ్లమ్మ ఒక్కతే కూర్చుంది.

కౌంటర్లో ఉన్నవాళ్లని తిట్టి లాభం లేదు. సరైన పేపర్లు లేనివాళ్లని ఎక్కించుకుంటే ఫైన్ ఎయిర్‌లైన్‌కే పడుతుంది. బ్రిటన్‌లో అది మనిషికి 2,000 పౌండ్లు. అందుకే వాళ్లు ఐయాటా వాళ్ల టిమాటిక్ డేటాబేస్‌లో చూస్తారు. అది కుదరదంటే బతిమాలినా ఎక్కించరు.

ఇంకో తిరకాసు, చవగ్గా వస్తున్నాయని విడివిడిగా కొన్న రెండు టికెట్లు. బ్యాగులు తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాల్సి వస్తే ఇమిగ్రేషన్ దాటక తప్పదు. అప్పుడది ట్రాన్సిట్ కాదు, ఆ దేశంలోకి ఎంట్రీ. దానికి మామూలు వీసా రూల్సే.

కాబట్టి 'పే' నొక్కేముందు మూడు చూడండి: మొత్తం ఒకే టికెట్టా, బ్యాగులు చివరిదాకా వెళ్తాయా, మధ్యలో దిగే దేశం ప్రభుత్వ సైట్ ఇవాళ ఏమంటోంది. 'ఇవాళ' అని ఎందుకన్నానంటే, ఈ రూల్స్ మారుతుంటాయి. అమ్మానాన్నలకి బుక్ చేస్తుంటే ఇంకోసారి చూడండి. అర్ధరాత్రి శంషాబాద్ కౌంటర్ ముందు జవాబు చెప్పుకోవాల్సింది వాళ్లే.