కాప్టెన్ మతీన్ అన్సారీ

హాంకాంగు స్టాన్లీ సైనిక సమాధిస్థలమున హైదరాబాదు యువకుడొకడు చిరనిద్ర నొందియున్నాడు. ఏడవ రాజపుత్ర రెజిమెంటునకు చెందిన కాప్టెన్ మతీన్ అహమ్మద్ అన్సారీ 1941 డిసెంబరున హాంకాంగు పతనమైనప్పుడు జపానీయులకు బందీ యయ్యెను. నైజాము బంధువని యెరిగి వారాతనిని తమ పక్షమునకు త్రిప్పుకొన జూచిరి. తోడి భారతీయ బందీలలో అసంతృప్తి రగుల్పుమనిరి. ఆతడు నిరాకరించెను. చెరసాలకు, ఆకలికి, చిత్రహింసకు లొంగలేదు. శిబిరమునకు మరలివచ్చిన పిదప ఇతరులు తప్పించుకొను యత్నములకు తోడ్పడెను. 1943 అక్టోబరులో శత్రువులాతని శిరశ్ఛేదము గావించిరి. 1946లో బ్రిటిషు ప్రభుత్వము జార్జి క్రాసు పతకము నొసగెను.

పరప్రభువుల సేనలో మడిసినవానిని స్వతంత్ర భారతమేల స్మరింపవలెనని కొందరడుగవచ్చును. నాటి బందీలలో వేలమంది ఆజాద్ హింద్ ఫౌజున చేరి దేశ విముక్తికై పోరిరి. వారికి మన జోహారులు. కాని కత్తికి వెరచి మాట మార్చనివాడును మనవాడే. ఆతడు మోసిన పతాకము పరాయిది, పౌరుషము మనది. ప్రాణము దక్కించుకొను మార్గము తెరచియున్నను తోడివారిని విడువని ధర్మము ఏ సామ్రాజ్యపు సొత్తును కాదు. పతకమిచ్చినవారికే యా స్మృతిని వదలివేయుట మనకు తగదు. హైదరాబాదులోని ప్రతి బాలునికిని ఆ పేరు తెలియవలెను.